ఎండితేనే నిండే చిత్తడి

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు డిసెంబరు సెలవుల్లో ఫ్లోరిడా ప్రయాణం పెట్టుకున్నప్పుడు ఓర్లాండో, మయామి, కీ వెస్ట్ అని వరసగా రాసుకుంటారు. ఎవర్‌గ్లేడ్స్ జాతీయ పార్కు దగ్గరికి వచ్చేసరికి కలం ఆగుతుంది. "ఆ బురదలో చూడ్డానికి ఏముంటుంది?" అన్నది మొదటి సందేహం. కొంచెం ఆలోచించేవాళ్లకు రెండోదీ వస్తుంది. "చిత్తడి నేల అన్నాక వానాకాలంలో, నీళ్లు నిండుగా ఉన్నప్పుడు కదా చూడాలి? మరి అందరూ డిసెంబరు నుంచి ఏప్రిల్ లోపల, నీళ్లు తగ్గిపోయే రోజుల్లోనే వెళ్లమంటారేమిటి?"

ఆ నెలల్లో దోమలు తక్కువని కొందరు జవాబు చెబుతారు. నిజమే, వానాకాలంలో అక్కడి దోమల ధాటికి బయట నిలబడటమే కష్టం. అసలు కారణం మాత్రం వేరే ఉంది. ఎవర్‌గ్లేడ్స్‌లోని ప్రాణులు నీళ్లు నిండడం మీద ఎంత ఆధారపడ్డాయో, ఆ నీళ్లు సమయానికి తియ్యడం మీదా అంతే ఆధారపడ్డాయి. ఎంత నీరుందన్న లెక్క ఒక్కటే చాలదు. అది ఎప్పుడొచ్చింది, ఎంత లోతున నిలిచింది, ఎంత నిదానంగా తీసింది అన్నవి తెలిస్తేనే అక్కడి బతుకు అర్థమవుతుంది. ఈ అధ్యాయమంతా ఆ రెండో ప్రశ్నకు జవాబు. అది దొరికితే మొదటి ప్రశ్న అడగాల్సిన పని ఉండదు.

మైలుకు రెండంగుళాలు

ఇల్లు కట్టేటప్పుడు డాబా మీద మేస్త్రి వాటం పెడతాడు. వాన నీళ్లు గొట్టం వైపు జారిపోవాలంటే పదడుగులకు ఒక అంగుళమైనా పల్లం ఉండాలంటాడు. ఆ లెక్కన మైలు పొడవున్న డాబా వేస్తే, ఈ చివర కన్నా ఆ చివర 44 అడుగులు దిగాలి. దక్షిణ ఫ్లోరిడా నేలకున్న వాటం మైలుకు సుమారు 2 అంగుళాలు. అంతే. మన డాబాకు అంత తక్కువ వాటం పెడితే నీళ్లు పోవడం లేదని మేస్త్రిని మళ్లీ పిలిపిస్తాం. అక్కడ నీళ్లు పోతాయి, కాకపోతే చాలా నెమ్మదిగా పోతాయి. గట్టు కట్టుకుని, పాయ తీసుకుని పారేంత వేగం వాటికి లేదు. అందుకని నేలంతా పరుచుకుని, పలచటి పొరగా, కంటికి తెలియకుండా కదులుతాయి. ఇంజనీర్లు దీన్ని షీట్ ఫ్లో అంటారు. మనం పరుపుపారకం అందాం.

ఈ నీటి ప్రయాణం ఉత్తరాన కిసిమీ నది దగ్గర మొదలవుతుంది. ఆ నది ఓకిచోబీ సరస్సులో కలుస్తుంది. పూర్వం వానాకాలంలో సరస్సు నిండి దక్షిణపు అంచు మీదుగా పొర్లేది. అక్కడినుంచి ఫ్లోరిడా అఖాతం దాకా సుమారు 100 మైళ్ల పొడవున, కొన్నిచోట్ల 60 మైళ్ల వెడల్పున, మోకాటి లోతు కూడా లేని నీరు గడ్డి దుబ్బుల మధ్య నుంచి దక్షిణానికి పారేది. దీన్ని మురుగు గుంటగా చూసిన జనానికి ఇది పారే నది అని చాటి చెప్పింది మార్జరీ స్టోన్‌మన్ డగ్లస్ అనే పాత్రికేయురాలు. ఆమె పుస్తకం 1947లో వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 6న అధ్యక్షుడు ట్రూమన్ ఈ పార్కును జాతికి అంకితం చేశాడు. ఆమె 108 ఏళ్లు బతికి, 1998లో కన్నుమూసేదాకా ఈ నేల కోసం పోరాడుతూనే ఉంది.

డాబా మీద తాపీ అర అంగుళం లోపలికి దిగినచోట నీళ్లు నిలిచి పాచి పడుతుంది, అర అంగుళం ఉబ్బినచోట పొడిగా ఉంటుంది. ఎవర్‌గ్లేడ్స్ అంతా ఈ సూత్రం మీదే నడుస్తుంది. అడుగున ఉన్నది సున్నపురాయి. దాని మీద ఏడాదిలో ఎక్కువ నెలలు పలచగా నీళ్లు నిలిచేచోట రంపపు గడ్డి పెరుగుతుంది. గడ్డి అని పిలుస్తున్నా అది తుంగ జాతి మొక్క, ఆకు అంచున సన్నటి పళ్లుంటాయి. చేత్తో పై నుంచి కిందికి నిమిరితే కోసుకుపోతుంది. ఇంకాస్త గుంటగా ఉన్నచోట సైప్రస్ చెట్లు గుంపుగా లేస్తాయి. చలికాలంలో ఇవి ఆకు రాల్చి మోడుల్లా నిలబడతాయి. చచ్చిపోయాయనుకుని జాలిపడే సందర్శకులు చాలామంది. నేల అడుగో రెండడుగులో ఎత్తు పెరిగినచోట మహాగని, గంబో లింబో, మర్రి కుటుంబపు చెట్లు కిక్కిరిసిన చిన్న చిన్న అడవులుంటాయి. వాటిని అక్కడ హామక్‌లంటారు. మన గోదావరి జిల్లాలవాళ్లయితే తిప్పలు అనేవాళ్లు. రాలిన ఆకులు కుళ్లి ఆమ్లాలు పుట్టి చుట్టూ ఉన్న సున్నపురాయిని కరిగిస్తాయి. దాంతో తిప్ప చుట్టూ తనంతట తానే ఒక కందకం ఏర్పడి, గడ్డి తగలబడినప్పుడు లోపలి చెట్లను కాపాడుతుంది.

పార్కు దారిలో రాక్ రీఫ్ పాస్ అనే చోట ఒక బోర్డు ఉంది. కొండ కనుమల దగ్గర పెట్టే బోర్డు లాంటిదే. దాని మీద రాసిన ఎత్తు 3 అడుగులు. ఆ మూడడుగుల ఎత్తే అక్కడ పైన్ చెట్లకు చాలింది. కొండలెక్కితే అడవి మారుతుందని చదువుకున్నాం. ఇక్కడ చెప్పుల మందం తేడాకు అడవి మారిపోతుంది. గ్రాండ్ కాన్యన్‌కున్న ఎత్తూ లోతూ దీనికి లేకపోవచ్చు గానీ, నా దృష్టిలో ప్రకృతి పనితనం ఇంత దగ్గరగా కనిపించే చోట్లు తక్కువ. కొండలూ జలపాతాల అందం కోసం కాకుండా, అక్కడి జీవజాలం కోసమే అమెరికా ఏర్పాటు చేసుకున్న మొదటి పెద్ద జాతీయ పార్కు ఇది. విస్తీర్ణం సుమారు 15 లక్షల ఎకరాలు.

పేదనీటి పంట

చిత్తడి అనగానే సారవంతమైన బురద గుర్తొస్తుంది. ఎవర్‌గ్లేడ్స్ నీరు అలాంటిది కాదు. ఇది దాదాపు వాన నీరే. మొక్కలకు కావలసిన ఫాస్ఫరస్ ఇందులో లేనంత తక్కువ. వంద కోట్ల పాళ్ల నీటిలో 10 పాళ్లకు మించకూడదని ఫ్లోరిడా ప్రభుత్వం హద్దు పెట్టుకుంది. ఇంత పేద నీటిలో ఇన్ని లక్షల ప్రాణులు ఎలా బతుకుతున్నాయి?

చెక్కబాట మీద మోకాళ్ల మీద కూర్చుని నీళ్లలోకి చూస్తే, గడ్డి మొదళ్లను చుట్టుకుని పసుపూ గోధుమా కలిసిన రంగులో మెత్తటి తొడుగులు కనిపిస్తాయి. కొన్ని విడిపోయి నీళ్ల మీద తేలుతుంటాయి. చాలామంది చెత్త అనుకుని చూపు తిప్పుకుంటారు. అవి నాచులూ, బాక్టీరియా, సూక్ష్మజీవులూ కలిసి అల్లుకున్న నాచుచాపలు. శాస్త్రంలో పేరు పెరిఫైటాన్. నీళ్లలో ఉన్న కాస్త ఫాస్ఫరస్‌నీ ఇవి వెంటనే పట్టేస్తాయి. ఎండ తీసుకుని ఆహారం తయారుచేస్తాయి. నత్తలూ, రొయ్య జాతి చిన్న జీవులూ, వేలెడు చేపలూ వీటి మీదా, వీటిలో దాగిన పురుగుల మీదా బతుకుతాయి. వాటిని కొంగలూ మొసళ్లూ తింటాయి. అక్కడ మీరు ఫొటో తీసుకునే ప్రతి పక్షికీ మూలం ఆ తొడుగులోనే ఉంది.

నీళ్లు పూర్తిగా తీసేశాక ఈ చాప నేల మీద అట్ట కట్టి పెళుసుబారుతుంది. అయినా దాని కింద తడి ఆరదు. ఆ తడిలో చిన్న జీవుల గుడ్లు వచ్చే వాన దాకా దాక్కుంటాయి. చినుకు పడగానే చాప మళ్లీ పచ్చబడుతుంది.

ఇంత పొదుపుగా నడిచే సంసారానికి ఎరువు విషం. సరస్సుకు దక్షిణాన దాదాపు 7 లక్షల ఎకరాల్లో సాగు జరుగుతోంది, అందులో ఎక్కువ చెరకు. ఆ పొలాల నుంచి ఫాస్ఫరస్ నీళ్లలోకి దిగినచోట నాచుచాప చెదిరిపోతుంది. రంపపు గడ్డి స్థానంలో జమ్ము మొలుస్తుంది. మన చెరువుల్లో, కాలవల్లో చూసే జమ్ము జాతే. అది దట్టంగా అల్లుకుపోతే కొంగ కాలు పెట్టే చోటు ఉండదు, చేపకు ఈదే సందు ఉండదు.

నీళ్లు తీసే నెలలు

ఏడాదిలో పడే వాన సుమారు 60 అంగుళాలు. అందులో ముప్పావు వంతు మే నుంచి అక్టోబరు, నవంబరు మధ్య కురుస్తుంది. ఆ నెలల్లో చిత్తడంతా ఒకటే నీటి పరపు. చేపలు అందులో చెదిరిపోయి, తిండి దొరికినంత మేర తిరిగి, గుడ్లు పెట్టి పెరుగుతాయి. కొంగ ఆకాశం నుంచి చూస్తే ఎటు చూసినా నీరే, ఎక్కడ దిగినా చదరపు గజానికి ఒకటో రెండో చేపలు. రోజంతా వెతికినా కడుపు నిండదు, ఇక పిల్లల కడుపు నింపడం మాట దేవుడెరుగు.

నవంబరు దాటాక ఆకాశం తేటపడుతుంది. మిట్టలు తేలతాయి. నీళ్లు పల్లానికి, ఇంకా పల్లానికి తగ్గుతాయి. వాటితోపాటే చేపలూ కదులుతాయి. వంద ఎకరాల్లో తిరిగిన చేపలు చివరికి పదెకరాల్లో, ఆపైన ఒక మడుగులో చేరతాయి. అప్పుడు కొంగ ముక్కు ముంచితే ఆహారమే. అక్కడి నీటిపక్షులు గూళ్లు కట్టుకునేది ఈ నెలల్లోనే.

ఇందులో అన్నిటికన్నా నేర్పరి వుడ్ స్టార్క్ అనే బోడితల కొంగ. మన ఎర్రకాళ్ల కొంగకు ఇది ఒకే ప్రజాతికి చెందిన చుట్టం. హిందూపురం దగ్గరి వీరాపురంలోనో, గుంటూరు దగ్గరి ఉప్పలపాడులోనో ఎర్రకాళ్ల కొంగలను చూసినవాళ్లు దాని నడకను వెంటనే గుర్తుపడతారు. ఇది కంటితో చేపను వెతకదు. బురద నీటిలో ముక్కు సగం తెరిచి ముంచి, కాలితో అడుగు కెలుకుతూ నడుస్తుంది. ముక్కుకు చేప తగలగానే దవడలు మూసుకుంటాయి. అందుకు పట్టే సమయం సెకనులో నలభయ్యో వంతు. నీళ్లెంత మడ్డిగా ఉన్నా ఈ పద్ధతికి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా చేపలు పలచబడితేనే. తడిమి పట్టేవాడికి చేపలు కిక్కిరిసి ఉండాలి. గుడ్డు పెట్టిన దగ్గరనుంచి పిల్ల సొంతంగా తిండి తెచ్చుకునేదాకా దాదాపు 4 నెలలు పడుతుంది. అంతకాలమూ నీళ్లు ఆగకుండా, నిదానంగా తగ్గుతూనే ఉండాలి. ఒక మడుగు ఖాళీ అయ్యేసరికి ఇంకో మడుగు తయారుగా ఉండాలి. మధ్యలో అకాలవర్షం పడినా, ఎగువన గేట్లెత్తినా చేపలు మళ్లీ చెదిరిపోతాయి. తల్లిదండ్రులు గూళ్లొదిలేసి వెళ్లిపోతాయి. పూర్వం ఇవి నవంబరు, డిసెంబరుల్లో గూళ్లు మొదలుపెట్టేవి. నీటి దారులు మార్చాక అది ఫిబ్రవరి, మార్చి దాకా జరిగింది. పిల్లలకు రెక్కలు రాకముందే వానలు వచ్చి మీదపడేవి. 1984లో దీన్ని అంతరించిపోతున్న పక్షుల జాబితాలో చేర్చారు. 2014లో ప్రమాదస్థాయి ఒక మెట్టు తగ్గించారు.

మొసళ్లు కూడా ఈ లెక్కలో ఉన్నాయి. ఆలిగేటర్ తన ముట్టెతో, తోకతో బురదనూ గడ్డినీ తోసేసి సున్నపురాయి తేలేదాకా గుంట తవ్వుకుంటుంది. చుట్టూ అంతా ఎండినా ఆ మొసలి గుంటలో నీళ్లుంటాయి. చేపలూ తాబేళ్లూ అక్కడ చేరతాయి. కొన్ని మొసలికి ఆహారమవుతాయి. మిగిలినవి వానలు పడగానే బయటికి ఈది మళ్లీ చిత్తడంతా నింపుతాయి. గట్టు మీద పోసిన బురదలో చెట్లు మొలుస్తాయి. ఆ గుంటలు లేకపోతే ఎండాకాలం దాటే విత్తనపు చేపలు ఎన్ని మిగిలేవో చెప్పలేం.

ఇదంతా ఒక్కచోట, మైలు కూడా లేని నడకలో చూడాలంటే రాయల్ పామ్ దగ్గరి అన్‌హింగా బాటకు వెళ్లాలి. హోమ్‌స్టెడ్ వైపు ద్వారం నుంచి కొద్ది దూరమే. కారు ఆపేచోట నల్ల రాబందులు వైపర్ల రబ్బరు పీకేస్తాయి, కారు మీద కప్పడానికి పార్కువాళ్లు పరదాలు ఉంచుతారు, వాడుకోండి. చెక్కబాట పక్కన కొమ్మ మీద పాముమెడ పక్షి కూర్చుని ఉంటుంది. బాటకు ఆ పేరు దానిదే. అది నీళ్లలో మునిగి ఈటెలాంటి ముక్కుతో చేపను పొడుస్తుంది. పైకొచ్చాక చేప ముక్కుకు గుచ్చుకుని ఉంటుంది, విదిలించినా ఒక పట్టాన ఊడదు. కొమ్మకేసి కొట్టి వదులుచేసి, గాల్లోకి ఎగరేసి, తల ముందు లోపలికి పోయేలా పట్టుకుని మింగుతుంది. తోక ముందు పోతే మొప్పల దగ్గరి ముళ్లు గొంతులో అడ్డంపడతాయి. తర్వాత రెక్కలు బార్లా చాపి ఎండకు పెడుతుంది. బాతు రెక్కల్లా దాని రెక్కలు నీటిని విదిలించవు, తడిసి బరువెక్కుతాయి. ఆ బరువే అది సులువుగా మునగడానికి పనికొస్తుంది. ఈ ఒక్క పక్షి దగ్గర అరగంట నిలబడ్డా దండగ కాదు.

రెండు జాతుల మొసళ్లు, ఒకే ఊరు

ఎవర్‌గ్లేడ్స్‌ను ఉపోష్ణ మండలం అంటారు. కర్కట రేఖ 23.5 డిగ్రీల దగ్గర ఉంటే ఈ పార్కు 25 డిగ్రీలు దాటి ఉంది. ఉష్ణమండలం గడప అవతల, చలిదేశాల గడప ఇవతల. అందుకే కరీబియన్ దీవుల మహాగనీ, ఉత్తరాది సైప్రస్సూ ఇక్కడ ఇరుగుపొరుగు. మొసళ్ల విషయంలోనూ అంతే. ఆలిగేటర్ కొంత చలికి ఓర్చే జీవి, మంచినీటిది. అమెరికన్ క్రోకడైల్ వేడి ప్రాంతపు జీవి, ఉప్పునీటిలో బతకగలదు. దాని నాలుక మీద ఉప్పును బయటికి పంపే గ్రంథులు పనిచేస్తుంటాయి, ఆలిగేటర్‌కు ఆ సదుపాయం లేదు. ఒకదాని దక్షిణపు అంచూ రెండోదాని ఉత్తరపు అంచూ ఫ్లోరిడా కొసలో కలిశాయి. ఈ రెండూ ప్రకృతి సహజంగా కలిసి బతికే చోటు ప్రపంచంలో ఇదొక్కటే.

పార్కు దారి చివర, ద్వారం నుంచి 38 మైళ్ల దూరంలో ఫ్లెమింగో ఉంది. అక్కడి పడవల రేవులో మడ చెట్ల మధ్య క్రోకడైల్ కనిపిస్తుంది. సన్నటి మూతి, బూడిదా ఆకుపచ్చా కలిసిన ఒళ్లు, నోరు మూసినా బయటికి కనిపించే కింది పన్ను దాని గుర్తులు. ఆలిగేటర్ నల్లగా, వెడల్పు మూతితో ఉంటుంది. అంచున బతకడంలో అపాయం కూడా ఉంది. 2010 జనవరిలో వరసగా వచ్చిన చలి రోజులకు ఎన్నో క్రోకడైళ్లూ, నీటి ఆవులూ, చేపలూ చచ్చిపోయాయి.

ఎండడం వేరు, ఎండగట్టడం వేరు

నీళ్లు తగ్గడం మంచిదైతే, నీళ్లన్నీ తోడేస్తే ఇంకా మంచిది కాదా? ఫ్లోరిడా నిజంగానే అలా అనుకుంది. ఎవర్‌గ్లేడ్స్‌ను ఎండగట్టి పొలాలు చేస్తానని మాటిచ్చి నెపోలియన్ బొనపార్ట్ బ్రోవర్డ్ 1905లో గవర్నరయ్యాడు. కాలవలు తవ్వారు. ఓకిచోబీ చుట్టూ ఊళ్లు వెలిశాయి. 1928 తుపానులో సరస్సు గట్టు తెగి కనీసం 2,500 మంది చనిపోయారు, ఎక్కువమంది నల్లజాతి వ్యవసాయ కూలీలు. ఆ తర్వాత సరస్సు చుట్టూ పెద్ద కట్ట లేచింది. 1948 నుంచి వెయ్యి మైళ్లకు పైగా కాలవలూ కట్టలూ వచ్చాయి. దక్షిణానికి పొర్లాల్సిన నీరు తూర్పుకీ పడమరకీ తిరిగి సముద్రంలో కలిసింది.

ఫలితం చూడాలంటే బెల్ గ్లేడ్ పరిశోధన కేంద్రంలోని కాంక్రీటు స్తంభాన్ని చూడాలి. 1924లో 9 అడుగుల స్తంభాన్ని అడుగున సున్నపురాయి తగిలేదాకా దించి, పై కొస నేలకు సమంగా ఉంచారు. ఇప్పుడది ఆరడుగులకు పైగా బయటికి కనిపిస్తోంది. స్తంభం లేవలేదు, నేల దిగింది. అక్కడి మన్ను పీట్, అంటే కొన్ని వేల ఏళ్లుగా గడ్డీ గాదరా నీటి అడుగున గాలి తగలక కుళ్లకుండా పేరుకున్నది. నీళ్లు తోడేస్తే గాలి తగులుతుంది, సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి, మన్ను బొగ్గుపులుసు వాయువై ఆకాశంలో కలుస్తుంది. ఏటా కొన్ని నెలలు పైపైన ఆరడం వేరు, అడుగు దాకా ఆరబెట్టడం వేరు. మొదటిది కొంగలకు తిండి పెట్టింది. రెండోది నేలనే తినేసింది.

పక్షులకు మరో దెబ్బ అంతకుముందే తగిలింది. గూళ్లు కట్టే రోజుల్లో తెల్ల కొంగల వీపు మీద మొలిచే సన్నటి ఈకలు ఆడవాళ్ల టోపీలకు కావాలి. వాటి ధర బంగారాన్ని మించింది. వేటగాళ్లు గూళ్ల దగ్గరే తల్లిపక్షులను కాల్చేవారు, పిల్లలు ఆకలితో పోయేవి. వాటికి కాపలా ఉన్న గై బ్రాడ్లీని 1905లో ఫ్లెమింగో దగ్గర కాల్చి చంపారు. చట్టాలొచ్చి వేట ఆగింది, కొంగలు తేరుకున్నాయి. కాలవల దెబ్బ నుంచి మాత్రం తేరుకోలేదు. 1930ల నాటితో పోలిస్తే గూళ్లు సుమారు పదో వంతుకు పడిపోయాయి. ఇటీవల బర్మా కొండచిలువ వచ్చి చేరింది. పెంపుడు జంతువుల వ్యాపారంలో మన ఆసియా నుంచి వెళ్లిన పాము అది. 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, అది రాకముందుతో పోలిస్తే, రకూన్‌లు 99 శాతం, బాబ్‌క్యాట్‌లు 87 శాతం తక్కువగా కనిపించాయి.

మయామి, టాంపాల మధ్య 1928లో తెరిచిన టమయామి రోడ్డు తూర్పు పడమరలుగా సాగుతుంది, నీరు ఉత్తర దక్షిణాలుగా. మన కొల్లేరులో చేపల చెరువుల గట్లు ఏం చేశాయో ఈ రోడ్డు అక్కడ అదే చేసింది. పరుచుకుని పారే నీటికి అడ్డంపడింది. 2006లో కొల్లేరులో గట్లు పగలగొట్టారు. ఫ్లోరిడాలో రోడ్డును స్తంభాల మీదికి ఎత్తుతూ వచ్చారు. 2013లో ఒక మైలు వంతెన పూర్తయింది, 2019లో ఇంకో రెండు మైళ్లకు పైగా. ఉత్తరాన 103 మైళ్ల వంకర్ల కిసిమీ నదిని 1960లలో 56 మైళ్ల తిన్నటి కాలవ చేశారు. అందులో కొంత భాగాన్ని పూడ్చి, పాత వంపుల్లోకి నీటిని మళ్లించే పని 2021లో ముగిసింది. నీటికోళ్లూ బాతులూ కొంగలూ అక్కడికి తిరిగొచ్చాయి.

దారి తెరిస్తే చాలదు, పంపే నీరు పేదనీరై ఉండాలి. అందుకోసం పొలాలకూ పార్కుకూ మధ్య 50 వేల ఎకరాలకు పైగా మానవ నిర్మిత చిత్తడులు తయారుచేశారు. పొలాల నీరు మొదట వాటిలోకి వెళ్తుంది. అక్కడ నాటింది, పెంచుతున్నది ఎక్కువగా జమ్మే. పార్కులో రంపపు గడ్డిని తరిమేసిన అదే మొక్క ఇక్కడ ఫాస్ఫరస్‌ను పీల్చుకుని వేళ్లలో, రాలిన ఆకుల కింది బురదలో దాచుకుంటుంది. ఆపైన నీరు అడుగున పెరిగే మొక్కల, నాచుల మడుల గుండా పోతుంది, మిగిలిన ఫాస్ఫరస్‌ను అవి పట్టుకుంటాయి. అలా దక్షిణానికి వదిలే నీటిలో ఫాస్ఫరస్ హద్దు దాటకూడదన్నది నియమం.